డిగ్రీ వదిలితేనే పోలీసు ఉద్యోగమా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఇంటర్ అయ్యాక ఇంట్లో ఇబ్బందుల వల్ల తిరుపతిలో చీరల షాపులో చేరాను. దూరవిద్యలో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. కానిస్టేబుల్ కావాలని కోరిక. కోచింగ్ సెంటర్‌లో అడిగితే డిగ్రీ పక్కనపెట్టి ఫుల్‌టైమ్ బ్యాచ్‌లో చేరమన్నారు. నాయనేమో 'బ్రహ్మోత్సవాల బందోబస్తులో అర్ధరాత్రి దాకా రోడ్డు మీద నిలబడే పిల్లను ఎవరు చేసుకుంటారు?' అంటూ సంబంధాలు చూస్తున్నాడు. అమ్మ నోరు విప్పదు. ఏం చేయాలి?

జవాబు: ముందు కోచింగ్ వాళ్ల మాట తేల్చేద్దాం. డిగ్రీ మానొద్దు. కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు, నిజమే. కానీ గతంలో ఏం జరిగిందో చూడండి. 6,100 పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రిలిమ్స్ 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరికి గానీ మొదలు కాలేదు. మెయిన్స్ 2025 జూన్‌లో పెట్టారు. అన్నీ మానేసి దానికోసమే కూర్చున్నవాళ్లు ఇళ్లల్లో రోజూ ఎన్ని మాటలు పడి ఉంటారో! అంత కాలంలో మీ బీఏ చేతికొస్తుంది. ఎస్సై పరీక్షకు డిగ్రీ తప్పనిసరి కాబట్టి ఆ దారీ తెరుచుకుంటుంది. మీ కోర్సుకు యూజీసీ దూరవిద్య విభాగం గుర్తింపు ఉందో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి.

నాకు బెంగ మీ చదువు గురించి కాదు, కాళ్ల గురించి. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతలు పెట్టి, తెల్లారగానే పరుగంటే మోకాళ్లు మొరాయిస్తాయి. గత నోటిఫికేషన్‌లో అమ్మాయిలు 1,600 మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. అది తప్పనిసరి. ఆపైన 100 మీటర్లు 18 సెకన్లలోనో, లాంగ్‌జంప్ 2.75 మీటర్లో, రెండింట్లో ఒకటి దాటాలి. ఇది ఒక్క నెలలో వచ్చేది కాదు. వారానికి మూడు నాలుగు రోజులు పరుగెత్తండి, మిగతా రోజుల్లో ఆ సమయం అర్థమెటిక్, రీజనింగ్‌కు వాడుకోండి. పిక్కల ముందు ఎముక నొప్పెడితే ఆగిపోండి. పుత్తూరు కట్టు దాకా తెచ్చుకోవద్దు.

ఇక నాయన. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. నైట్ డ్యూటీలుంటాయి, పండగపూట సెలవు దొరకదు, బ్రహ్మోత్సవాలకైతే వేరే జిల్లాల నుంచి కూడా పోలీసులను రప్పిస్తారు. 'అలాంటివేం ఉండవు' అని వాదిస్తే మీ మిగతా మాటలూ నమ్మరు. మీ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెను కలవండి. ఆమె పని వేరైనా స్టేషన్లో కానిస్టేబుళ్లతో పరిచయం ఉంటుంది. ఆమె ద్వారా పెళ్లయి పిల్లలున్న ఒక కానిస్టేబులమ్మతో నాయనను మాట్లాడించండి. వీలైతే ఆమె అత్తగారింట్లోనే. డ్యూటీకి వెళ్లిన రాత్రి పిల్లలను ఎవరు చూస్తారో ఆయన్నే అడగనివ్వండి.

అంతకంటే ముందు అమ్మతో, నాయన లేనప్పుడు మాట్లాడండి. నోరు విప్పనంత మాత్రాన ఇష్టం లేనట్టు కాదు. చాలా ఇళ్లల్లో భర్త ఎదుట మాట్లాడే అలవాటు లేక ఆగిపోతారు. 'పెళ్లే వద్దు' అనకండి, గొడవ అక్కడే మొదలవుతుంది. డిగ్రీ చివరి పరీక్షల దాకా గడువు అడగండి. ఈలోగా మంచి సంబంధమే వస్తే, నిశ్చితార్థానికి ముందే అబ్బాయికి విషయం చెప్పి, డ్యూటీల సంగతి కూడా దాచకుండా అడగాలి. ఆ మాట నాయన చేతే అడిగించండి.