వెనక స్థలంలో 14 అంతస్తుల టవర్: కాలనీవాళ్లు ఆపగలరా?

ప్రశ్న: మాది హైదరాబాద్ దోమలగూడ. మా నాన్నగారు 1960ల్లో కట్టిన ఇల్లు. చుట్టుపక్కల అన్నీ ఒకటి, రెండు అంతస్తుల పాత ఇళ్లే. మా వెనక దాదాపు ఎకరం స్థలంలో ఉన్న బంగళాను ఒక బిల్డర్ కొని పడగొట్టాడు. రెండు సెల్లార్లు, పైన 14 అంతస్తులు అని బోర్డు పెట్టారు. మా సందు 30 అడుగులు. అవతలివైపు 60 అడుగుల మెయిన్ రోడ్డు ఉందని వాళ్లంటున్నారు. కానీ అటు రెండిళ్ల మధ్య నుంచి వెళ్లే సన్నటి దారి తప్ప ఏమీ లేదు. వెలుతురు, బోర్లు, డ్రైనేజీ ఏమైపోతాయోనని అందరికీ టెన్షన్‌గా ఉంది. కాలనీ అంతా సంతకాలు పెట్టి మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చాం, జవాబు లేదు. అనుమతి ఇచ్చే ముందు మమ్మల్ని అడగాలి కదా? కోర్టుకు వెళ్తే ఆగుతుందా? 'మాకు అభ్యంతరం లేదు' అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమని బిల్డర్ మనుషులు ఇంటింటికీ తిరుగుతున్నారు. పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ కాగితం సంగతి. సంతకం పెట్టకండి, పక్కింటివాళ్లకూ చెప్పండి. మీ సంతకం లేనంత మాత్రాన అనుమతి ఆగదు. కానీ సంతకం ఉంటే రేపు కోర్టులో బిల్డర్ తరఫు లాయరు మొదట చూపించే కాగితం అదే అవుతుంది. ఇప్పటికే ఎవరైనా పెట్టి ఉంటే, అందులో ఏం రాసి ఉందో పూర్తిగా తెలియక పెట్టామని, వెనక్కి తీసుకుంటున్నామని మున్సిపల్ కమిషనర్‌కు, బిల్డర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి.

అనుమతికి ముందు మిమ్మల్ని అడగాలా అంటే, మామూలు భవన అనుమతికి అడగాల్సిన పని లేదు. మన చట్టంలో ఇరుగుపొరుగుకు నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినే పద్ధతి లేదు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం పెద్ద భవనాల దరఖాస్తులు సింగిల్ విండోలో 21 రోజుల్లో తేలిపోవాలంటోంది. బోర్డు కనపడేసరికే అనుమతి వచ్చేసి ఉండటం అందుకే. పక్కనే తరతరాలుగా ఉంటున్నవాళ్లకు ఒక్క ముక్క చెప్పకుండా 14 అంతస్తులకు సరే అనడం న్యాయంగా లేదని నా అభిప్రాయం. కానీ ప్రస్తుతం చట్టం అలాగే ఉంది. భూ వినియోగం మార్పు జరిగితే మాత్రం సంగతి వేరు. ఆ స్థలం మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతంగా ఉండి, దాన్ని వాణిజ్యానికి మారుస్తుంటే బహిరంగ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి. మీ కేసులో మార్పు ఏదైనా ఉందా అన్నది ఫైలులో చూడండి.

మీ అర్జీ నకలు చదివాను. అందులో ఎక్కువ భాగం కాలనీ ప్రశాంతత పోతుందని, ఎవరెవరో వచ్చి చేరతారని, ఇళ్ల ధరలు పడిపోతాయని ఉంది. వీటిలో ఏదీ కోర్టులో నిలవదు. కొత్తగా వచ్చేవాళ్లు ఎవరు, ఏం తింటారు అన్న మాటలు దయచేసి అర్జీలో రానివ్వకండి. అవి తప్పు, పైగా మీ అసలు అభ్యంతరాలను కూడా చులకన చేస్తాయి. ఎత్తు మీకు నచ్చకపోవడం చట్టానికి పట్టదు. ఆ ఎత్తుకు నియమాలు ఒప్పుకుంటాయా, ఫైలులో చూపించింది నేల మీద ఉందా అన్నదే పడుతుంది. మీ బలమంతా ఆ రెండు ప్రశ్నల్లో ఉంది.

ఈ విషయంలో మూలమైన నియమావళి 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168. హైదరాబాద్‌లో ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. దాన్ని 2006లోనే ఎత్తేశారు. ఇప్పుడు ఎత్తును అదుపు చేసేవి రోడ్డు వెడల్పు, భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ. హైరైజ్‌కు, అంటే బాగా ఎత్తైన భవనానికి, కనీసం 2,000 చదరపు మీటర్ల ప్లాటు కావాలి. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు కాబట్టి అక్కడ మీకు అభ్యంతరం లేదు. అసలు అభ్యంతరం రోడ్డు వెడల్పు దగ్గర ఉంది. హైరైజ్‌కు కనీసం 12 మీటర్ల రోడ్డు, అంటే 40 అడుగులు ఉండాలి. మీ సందు 30 అడుగులు, అటునుంచి హైరైజే రాదు. అందుకే వాళ్లు మెయిన్ రోడ్డు అంటున్నారు. సరే, 60 అడుగుల రోడ్డే అనుకుందాం. అంటే 18 మీటర్లు. 2012 పట్టిక ప్రకారం 18 మీటర్ల రోడ్డు మీద 30 మీటర్ల ఎత్తు వరకే వెళ్లవచ్చు, ఆ పైన 24 మీటర్ల రోడ్డు కావాలి. 14 అంతస్తులంటే 40 మీటర్లు దాటుతుంది. అంత ఎత్తుకు చుట్టూ 13 మీటర్ల ఖాళీ కూడా వదలాలి.

అయితే 14 అంతస్తులు ఎలా ఇచ్చారు? కారణం మూడింటిలో ఒకటి అయ్యుండాలి. ఒకటి, 2012 తర్వాత నియమాలకు వచ్చిన సవరణలు, లేదా టీడీఆర్. రోడ్డు విస్తరణలో స్థలం కోల్పోయినవాళ్లకు ఇచ్చే హక్కు పత్రాలు టీడీఆర్‌లు. బిల్డర్లు వాటిని కొని అదనపు అంతస్తులకు వాడుకుంటారు. అలా అయితే ఆ పత్రాలు ఫైలులో ఉండాలి. అనుమతి తేదీనాటికి ఏ నియమం అమలులో ఉందో దాన్నే కోర్టు చూస్తుంది. రెండు, మాస్టర్ ప్లాన్‌లో ఎప్పుడో వెడల్పు చేస్తామని గీసిన గీతను ఇప్పుడున్న రోడ్డుగా చూపించి ఉండవచ్చు. మూడు, ఆ సన్నటి దారిని మెయిన్ రోడ్డుగా చూపించి ఉండవచ్చు. ప్లాటు మెయిన్ రోడ్డును ఆనుకుని ఉందా, లేక దారి మాత్రమే ఆనుకుని ఉందా? ఆ దారి వెడల్పు ఎంత? మీ కేసుకు ప్రాణం ఇదే. నేనైతే లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో రేపే ఆ దారిని, మీ సందును కొలిపించి, స్కెచ్ మీద సంతకం తీసుకుంటాను.

ఫైలు ఎలా చూడాలి? సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో మంజూరైన ప్లాను, సైట్ తనిఖీ నివేదిక, రోడ్డు వెడల్పు చూపిన స్కెచ్, టీడీఆర్ వివరాలు, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), జలమండలి ఇచ్చిన నీటి, మురుగు ఫీజిబిలిటీ పత్రం (కనెక్షన్ ఇవ్వడం సాధ్యమేనని చెప్పేది) నకళ్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫ్లాట్లు అమ్మకానికి పెట్టాలంటే ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి, మంజూరైన ప్లాను అక్కడ ఎవరైనా చూడవచ్చు. రెరా కొనుగోలుదారుల కోసం పెట్టిన సంస్థ, మీ పోరాటం అక్కడ జరగదు. ప్లాను కోసం మాత్రం మొదట అక్కడికే వెళ్లండి.

ఫైర్ ఎన్‌ఓసీని తేలిగ్గా తీసుకోకండి. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం 18 మీటర్లు దాటిన నివాస భవనానికి అది తప్పనిసరి. ఫైరింజను మలుపు తిరగలేని దారి చూపించి 40 మీటర్ల భవనం కడతామంటే, ప్రమాదం అందులో ఉండబోయేవాళ్లకే కాదు, గోడ పక్కనున్న మీకూ. న్యాయమూర్తులు ఈ వాదన శ్రద్ధగా వింటారు.

పర్యావరణ అనుమతి సంగతి చాలామంది మర్చిపోతారు. 2006 సెప్టెంబరు నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ఈ లెక్కలో సెల్లార్లు కూడా కలుస్తాయి. ఎకరంలో 14 అంతస్తులు, రెండు సెల్లార్లు అంటే ఆ అంకె దాటే అవకాశమే ఎక్కువ. నిర్మాణ ప్రాజెక్టులకు బహిరంగ విచారణ నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, అక్కడా మిమ్మల్ని ఎవరూ పిలవరు. పర్యావరణ అనుమతుల వివరాలుండే పరివేష్ వెబ్‌సైట్‌లో చూడండి. అనుమతి తీసుకోకుండా తవ్వకం మొదలుపెట్టి ఉంటే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మనకు చెన్నైలోని దక్షిణ మండల బెంచ్. అనుమతి ఇచ్చి ఉంటే దాని మీద అప్పీలుకు గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60. ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యమైనా తలుపు మూసుకుంటుంది.

వెలుతురు, గాలి గురించి మీకు లేనిపోని ఆశ పెట్టను. 20 ఏళ్లకు పైగా మీ కిటికీలోంచి అడ్డు లేకుండా వచ్చిన వెలుతురు మీద ఈజ్‌మెంట్ హక్కు (దీర్ఘకాలం అనుభవించినందువల్ల పక్క స్థలం విషయంలో వచ్చే హక్కు) వస్తుంది, నిజమే. కానీ కాస్త తగ్గిందంటే చాలదు, ఇంట్లో మామూలుగా బతకలేనంత తగ్గిందని చూపించాలి. భవనం 13 మీటర్లు వెనక్కి ఉంటే అది చూపించడం కష్టం. ఎదురుగా కనపడే దృశ్యం మీద ఎవరికీ హక్కు లేదు.

ఇంతకంటే గట్టిది మీ నేలకు పక్క నేల ఇచ్చే ఆసరా. రెండు సెల్లార్లంటే చాలా లోతు తవ్వాలి. మీ పునాది కింద మట్టి జారితే ఇంటి గోడలు చీలతాయి. కాబట్టి తవ్వకం ముదరకముందే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి మీ ఇంటి ప్రస్తుత పరిస్థితిపై రిపోర్టు, తేదీ పడేలా ఫొటోలు, వీడియోలు తీయించుకోండి. పాత ఇల్లు కదా, ఆ పగుళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి అన్న మాటకు జవాబు ఆ రిపోర్టే. తవ్విన గోడకు సపోర్టు లేదనిపిస్తే కమిషనర్‌కు వెంటనే రాయండి, సివిల్ కోర్టులో అత్యవసర ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) కూడా అడగవచ్చు. కొత్త బోర్లు వేస్తున్నా, చెట్లు కొడుతున్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉందా అని విడిగా అడగండి.

ఇక హైకోర్టు. పొరుగువారికి ఇలాంటి అనుమతిని ప్రశ్నించే హక్కు ఉందా అన్నది ఎప్పుడో తేలిపోయింది. ఉడుపిలో కళ్యాణ మండపం, ఉపన్యాస మందిరం కోసం తీసుకున్న అనుమతిని నివాస ప్రాంతంలో సినిమా హాలుగా మార్చారు. అక్కడి నివాసి కె. రామదాస్ షెణాయ్ వేసిన కేసులో 1974లో సుప్రీంకోర్టు ఆ అనుమతి చెల్లదంది. పట్టణ ప్రణాళిక స్కీమును అమలు చేయాల్సిన బాధ్యత మున్సిపాలిటీది, అది తప్పితే అక్కడి నివాసులు అడగవచ్చు అని చెప్పింది. నోయిడా జంట టవర్ల తీర్పు (31 ఆగస్టు 2021) అందరికీ గుర్తుంది, ఏడాదికి వాటిని కూల్చేశారు కాబట్టి. భవనాల మధ్య వదలాల్సిన దూరం విషయంలో అది మీకు పనికొస్తుంది. కానీ అక్కడ కేసు వేసింది అదే కాంప్లెక్సులో ఫ్లాట్లు కొన్నవాళ్లు. బయటి పొరుగువాళ్లైన మీకు దగ్గరగా వచ్చేది ఉడుపి తీర్పే.

హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను సవాలు చేసే పిటిషన్) వేసే ముందు కమిషనర్‌కు కొత్త అర్జీ ఇవ్వండి. పాత దానిలా కాకుండా, సర్వే స్కెచ్ జతచేసి, తప్పుడు వివరాలతో తెచ్చుకున్న అనుమతిని జీహెచ్ఎంసీ చట్టం 450వ సెక్షన్ కింద రద్దు చేయండి అని స్పష్టంగా అడగండి. అక్నాలెడ్జ్‌మెంటు తీసుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే రిట్ వేయండి, బిల్డర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి. మీ అసోసియేషన్ రిజిస్టర్ కాకపోతే దాని పేరుతో వేయకండి. గోడ ఆనుకుని ఉన్న ముగ్గురు, నలుగురు ఇళ్ల యజమానులు సొంత పేర్లతో వేస్తే మేలు. బిల్డర్ ముందే కేవియట్ (తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దనే అర్జీ) వేసి ఉండవచ్చు కాబట్టి, అతని మాట వినకుండా స్టే రాదనే లెక్కతో సిద్ధంగా వెళ్లండి. మొదటి రోజే పని ఆగుతుందని మీకు మాట ఇవ్వలేను. చాలాసార్లు హైకోర్టు, అర్జీదారుల మాట విని ఇన్ని వారాల్లో నిర్ణయం చెప్పమని కార్పొరేషన్‌ను ఆదేశించి ఊరుకుంటుంది. అదీ తక్కువది కాదు, అధికారి అప్పుడు రోడ్డు వెడల్పు ఎంతో కారణాలతో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఉత్తర్వు తప్పైతే మళ్లీ సవాలు చేయవచ్చు. రిట్‌కు రాసిపెట్టిన గడువు లేదు గానీ, స్లాబులు లేచాక వెళ్తే, ఇన్నాళ్లూ ఏం చేశారు అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. అప్పటికి ఫ్లాట్లు కొన్న కుటుంబాలు కూడా మీ ఎదుట నిలబడి ఉంటాయి.

కేసు వెనక్కి తీసుకుంటే కాలనీకి ఇంత ఇస్తామని మాట రావచ్చు. డబ్బు మాట ఎవరు ఎత్తినా, మీవైపు నుంచి ఒక్కరు కూడా వాట్సాప్‌లో అంకెలు పెట్టకూడదు. అది చూపించి బలవంతపు వసూలు అంటూ పోలీసు ఫిర్యాదు ఇస్తే, మీ మంచి కేసు మట్టిలో కలుస్తుంది. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదిలే ఖాళీ) పెంచడం, అంతస్తులు తగ్గించడం, తవ్వకానికి రక్షణ గోడ, జరిగిన నష్టానికి బీమా వంటివి అడిగి, కోర్టులో రికార్డయ్యేలా రాజీ పడితే తప్పులేదు.

ఒకవేళ భవనం లేచినా ఒక దశ మిగిలే ఉంటుంది. అనుమతి ఇచ్చేటప్పుడే నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్‌కు తనఖా పెట్టించుకుంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండవచ్చని ఇచ్చే పత్రం) ఇచ్చాకే అది విడుదలవుతుంది. ప్లానుకు, కట్టినదానికి తేడాలు ఎక్కడున్నాయో కొలతలతో ఆ దశలో కమిషనర్‌కు, ఫైర్ శాఖకు రాసి ఇవ్వండి. ఇప్పటికి మాత్రం సర్వే స్కెచ్, మంజూరైన ప్లాను, మీ ఇంటి దస్తావేజు నకలు పట్టుకుని స్థానికంగా రిట్లు వేసే లాయరును ఈ వారంలోనే కలవండి.