సీజన్ కచేరీల్లో ఫొటోలు తీసేముందు

అమ్మడూ,

ఈ డిసెంబర్ సంగీత సీజన్‌లో చెన్నై మైలాపూర్ సభల్లో కచేరీలు ఫొటోలు తీస్తానన్నావు, చాలా సంతోషం. ఫ్లాష్ మాత్రం ఇంట్లోనే పెట్టెయ్. కళ్ళు మూసుకుని ఆలాపన చేస్తున్న మనిషి మొహాన మెరుపు కొట్టడం అపచారం, పైగా వేదిక మీది వెలుగునీడలన్నీ పోయి బొమ్మ చదునుగా వస్తుంది. ఆటోఫోకస్ కోసం వెలిగే చిన్న దీపమూ, బీప్ చప్పుడూ కూడా ఆపెయ్.

లెన్సు 85 ఎంఎం ఎఫ్/1.8 చాలు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది). ఖరీదైన జూమ్ కోసం అప్పు చెయ్యకు. ఒకటే ఇబ్బంది: ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో 3 మీటర్ల నుంచి పూర్తిగా తెరిచి తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు 13 సెంటీమీటర్లే. మన వయొలిన్ విద్వాంసులు వాద్యం కొసను కుడి పాదం మీద ఆనిస్తారు కదా, ఫోకస్ అక్కడ పడిందా, మొహం మసకే. ఒకే ఫోకస్ పాయింట్ పెట్టుకుని దగ్గరి కంటి మీద వెయ్.

ఎక్స్‌పోజర్, అంటే బొమ్మలోకి ఎంత వెలుగు రావాలన్నది, మాన్యువల్‌లోనే. వెనక నల్ల తెర ఉంటే ఆటోలో మొహం తెల్లగా పేలిపోతుంది, స్పాన్సర్ల తెల్ల బ్యానర్ ఉంటే నల్లబడుతుంది. ఎఫ్/2, షట్టర్ 1/160 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200తో మొదలుపెట్టి, మొహం చూసి సరిచేసుకో. 6400 అన్నా భయపడకు. తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్లో వెలుగు పెంచితే నీడల్లో గ్రెయిన్ ఇంకా గట్టిగా బయటపడుతుంది. రంగు దీపాలుంటాయి కాబట్టి రంగులు తర్వాత సరిచేసుకోవడానికి వీలుండే రా (RAW) ఫైళ్ళే తియ్.

చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడతావు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, దాంతో బొమ్మ నిండా అడ్డచారలు. షట్టర్ 1/100కి దించితే చాలావరకు పోతాయి.

మరి 1/100లో కళాకారుల చెయ్యి కదిలిపోయినట్టు రాదా అంటావు. నువ్వు నేర్చుకున్న సంగీతం అక్కరకొచ్చేది అక్కడే. మనసులో ఆది తాళం ఎనిమిది లెక్కపెడుతూ ఉండు. తాళం వేస్తూ తొడ మీద పడబోయే చెయ్యి పైన లిప్తపాటు నిలుస్తుంది. వయొలిన్ కమాను దిశ మారేచోట ఆగుతుంది. గాయని పై షడ్జం మీద నిలబడితే తల, చెయ్యి, వేళ్ళు అన్నీ నిలబడతాయి. ఆ నిలుపులో నొక్కు. కంటితో చూశాక నొక్కితే అది దాటిపోతుంది. తాళం తెలిసినవాళ్ళ వేలు ముందే సిద్ధంగా ఉంటుంది.

మృదంగం సంగతి వేరు. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) చివర వేళ్ళు 1/500కి కూడా పూర్తిగా ఆగవు. అందుకే 1/50కి దించి, మొహం మీద ఫోకస్ పెట్టి, చేతులు చెరిగిపోనివ్వు. వరుసగా ఐదారు తీస్తే ఒకదాంట్లో మొహం కదలకుండా దొరుకుతుంది.

మృదంగం ఆయన మొహం కావాలంటే మనకు కుడివైపు నడవ, వయొలిన్ కావాలంటే ఎడమవైపు. మృదంగం ఆయనది ఎడమచేతి వాటమైతే ఇది తారుమారు. మైకు గాయని నోటికి అడ్డమొస్తే అర అడుగు పక్కకి జరిగినా చాలు. సభ కార్యదర్శిని ముందే అడిగి అనుమతి తీసుకో, సీటు మారాలంటే చప్పట్లప్పుడే లే.

మొదటి కచేరీ ఫైళ్ళు బాగా రాలేదని డిలీట్ చెయ్యకు. అన్నీ పంపు, కూర్చుని చూద్దాం.

మీ బాబాయ్