మతిమరుపుకు నాటోకైనేజ్ మాత్రలు పనిచేస్తాయా?

నాన్నగారికి 70 దాటాయి, మతిమరుపు మొదలైంది, రక్తప్రసరణ బాగుపడుతుందని ఎవరో నాటోకైనేజ్ చెప్పారు, వాడొచ్చా అని ఒకరు అడిగారు.

ఇది పులియబెట్టిన సోయాగింజల జపాన్ వంటకం నాటోలోని ఎంజైమ్. ల్యాబ్‌లో రక్తపు గడ్డను కరిగిస్తుంది, నిజమే. మరి మనిషిలో? అమెరికాలో 265 మందిలో కొందరికి రోజూ 2,000 యూనిట్ల అసలు మాత్ర, మిగతావారికి అచ్చం అలాంటి ఉత్తుత్తి మాత్ర సుమారు మూడేళ్లు ఇచ్చారు. మెడ రక్తనాళం గోడ మందం స్కాన్‌లో కొలిచారు. 2021లో వచ్చిన ఫలితం: ఆ మందంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాళ్లు ఆరోగ్యవంతులే, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులు కారు. అయినా ఆశలు పెట్టుకునేంత ఆధారం ఇందులో నాకు కనిపించలేదు.

ఆయన వార్ఫరిన్, ఆస్పిరిన్‌లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే, దీన్ని కూడా కలిపితే రక్తస్రావం కావచ్చు, డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి. ముందు బి12, థైరాయిడ్ టెస్టులు చేయించండి. వాటి లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది.