అప్పజెప్పని చదువు హాల్లో గుర్తురాదు

మార్చి దగ్గరపడేసరికి బెంగళూరు పాఠకుల ఉత్తరాలన్నీ పరీక్షల చుట్టూనే తిరుగుతున్నాయి. పిల్లలు రాసినవీ ఉన్నాయి, తల్లిదండ్రులు రాసినవీ ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

పదో తరగతి చదువుతున్నాను. సైన్స్, సోషల్ పాఠాలు ఒక్కోటి నాలుగేసి సార్లు చదివాను. ఇంట్లో అన్నీ వచ్చినట్టే ఉంటుంది. ప్రిపరేటరీ పరీక్షలో పేపరు చూడగానే ఏమీ గుర్తుకు రాలేదు. ఇంకా ఎన్నిసార్లు చదవాలి?
– విద్యార్థిని, కె.ఆర్.పురం

ఐదోసారి చదవకమ్మా. పుస్తకం మూసి అప్పజెప్పు.

మన ఇళ్లలో ఎక్కాలు ఎలా వచ్చాయో అమ్మమ్మనో తాతయ్యనో అడుగు. పుస్తకంలో చూసి ఎవరూ వదిలెయ్యలేదు. పెద్దవాళ్ల ముందు నిలబడి పదమూడో ఎక్కం అప్పజెప్పాల్సి వచ్చేది. ఎక్కడ తడబడ్డారో అక్కడే మళ్లీ పట్టుకునేవాళ్లు. నీ చదువులో లోపించింది ఆ రెండో సగమే. నాలుగుసార్లు చదివిన పేజీ కంటికి అలవాటైపోతుంది. చూడగానే ‘ఇది నాకు తెలుసు’ అనిపిస్తుంది. కానీ హాల్లో పేజీ ఉండదు, ప్రశ్న ఒక్కటే ఉంటుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా బయటికి తీయడం వేరు. నువ్వు మొదటిది సాధన చేశావు, పరీక్ష రెండోది అడిగింది.

దీన్ని 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. ఒకే పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. ఇంట్లో అన్నీ వచ్చినట్టు అనిపించడానికి కారణం ఆ ఐదు నిమిషాల ఫలితమే. నీ పరీక్ష మాత్రం వారాల తర్వాత ఉంటుంది.

ఇలా చెయ్యి. రెండు మూడు పేజీల ముక్క తీసుకో, మొత్తం పాఠం వద్దు. పదిహేను నిమిషాలు శ్రద్ధగా చదువు. పుస్తకం మూసి పక్క గదిలో పెట్టు. ఖాళీ కాగితం మీద గుర్తున్నదంతా సొంత మాటల్లో రాయి, పది నిమిషాలు. ఆగిపోయినప్పుడు వెంటనే పుస్తకం కోసం లేవకు. ఒక నిమిషం తన్నుకులాడు. ఆ కష్టమే గుర్తును గట్టిపరుస్తుంది. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి మాత్రం ఎర్ర పెన్నుతో చేర్చు. ఆ ఎర్ర గీతలే రేపు చదవాల్సినవి. నల్ల సిరాలో ఉన్నది నీకు వచ్చేసింది, దాని మీద సమయం ఖర్చు పెట్టకు.

మర్నాడు చదవకుండా నేరుగా ఖాళీ కాగితంతో మొదలుపెట్టు. తర్వాత మూడో రోజున, వారానికి, రెండు వారాలకు. ప్రతిసారీ కొంచెం మర్చిపోయి ఉంటావు, అలాగే ఉండాలి. బాగా గుర్తున్నప్పుడే మళ్లీ రాస్తే పని తేలికగా ఉంటుంది గానీ లాభం తక్కువ.

హృదయం బొమ్మ లాంటివాటికి పేర్లు లేని బొమ్మ గీసి గదులు, రక్తనాళాలు గుర్తించు. తర్వాత శరీరం నుంచి వచ్చిన రక్తం ఏ గదిలోకి చేరి, ఎక్కడెక్కడికి వెళ్లి, మళ్లీ శరీరానికి ఎలా పోతుందో వేలితో చూపిస్తూ గట్టిగా చెప్పు. 1857 తిరుగుబాటు కారణాల్లాంటి జవాబులకు ముందు శీర్షికలే అప్పజెప్పు: రాజకీయ, ఆర్థిక, సైనిక, తక్షణ కారణం. శీర్షిక గుర్తొస్తే కింది వాక్యాలు దాని వెంట వస్తాయి. మొత్తం పేరా బట్టీ పడితే మొదటి మాట తప్పిపోగానే మిగతాదంతా పోతుంది. ప్రిపరేటరీలో నీకు జరిగింది బహుశా అదే.

అమ్మకు సైన్స్ తెలియకపోయినా ఫరవాలేదు. పుస్తకం ఆమె చేతిలో పెట్టి నువ్వు చెప్పు. ‘ఎందుకు?’ అని అడిగితే చాలు, నీకు రానిది ఎక్కడుందో బయటపడుతుంది.

మా బాబుకు పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి, వాంతి వచ్చినట్టుండటం, చేతులు చల్లబడటం. డాక్టరు ఏమీ లేదన్నారు. నటిస్తున్నాడని వాళ్ల నాన్నగారి అనుమానం.
– ఒక తల్లి, మారతహళ్లి

నటన కాదండీ. ఆ నొప్పి నిజమైనదే. భయం వేసినప్పుడు శరీరం అడ్రినలిన్‌ను వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు మళ్లుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. అందుకే కడుపులో తిప్పడం, అరచేతులు చల్లబడటం. ‘ఏం లేదు, ధైర్యంగా ఉండు’ అంటే బాబుకు తన శరీరం మీదే అనుమానం పుడుతుంది. ‘ఇది కాసేపు ఉండి తగ్గుతుంది, ఇది ఉన్నా రాయొచ్చు’ అని చెప్పండి.

ఊపిరి సాధన నేర్పండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కిస్తూ పీల్చాలి, ఆరు అంకెలు లెక్కిస్తూ నెమ్మదిగా వదలాలి. ఐదు నిమిషాలు. వదిలేది పొడుగ్గా ఉండటమే ముఖ్యం, అప్పుడే గుండె వేగం తగ్గుతుంది. చాలామంది పొరపాటుగా గబగబా లోతుగా పీలుస్తారు. దాంతో తల తిరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. పరీక్ష రోజునే మొదటిసారి చేస్తే పనిచెయ్యదు. కనీసం రెండు వారాల ముందునుంచి రోజూ పడుకునేముందు చేయించండి.

రెండోది రాత. 2011లో ‘సైన్స్’ పత్రికలో రమీరెజ్, బైలాక్ ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద పెట్టిన విద్యార్థులు, ముఖ్యంగా బాగా కంగారుపడే స్వభావం ఉన్నవాళ్లు, మెరుగ్గా రాశారు. లెక్క చేసేటప్పుడు అంకెలను పట్టుకునే చోటు మెదడులో చిన్నది. ‘ఫెయిలైతే?’ అన్న ఆలోచన కూడా ఆ చోటులోనే కూర్చుంటుంది. రాసేస్తే అక్కడ కొంత ఖాళీ అవుతుంది. ఆ కాగితం ఎవరూ చదవకూడదు, మీరు కూడా. చింపి పారెయ్యమనండి.

తిండి: పరీక్ష పదింటికైతే ఎనిమిది లోపు రెండు మూడు ఇడ్లీలో, కొంచెం పెరుగన్నమో. రోజూ తినేదే పెట్టండి. ఖాళీ కడుపుతో పంపితే పదకొండింటికల్లా చేతులు వణుకుతాయి, ఆ వణుకును కూడా భయం అనుకుంటాడు.

ఇక ప్రయాణం. ఈ ఊళ్లో సగం కంగారు రోడ్డు మీదే పుడుతుంది. హాల్ టికెట్ రాగానే సెంటరుకు ఒకసారి వెళ్లిరండి, అయితే ఆదివారం వద్దు. ఆదివారం ఇరవై నిమిషాల్లో చేరిన దారి సోమవారం పొద్దున తొమ్మిదింటికి గంట తినేస్తుంది. పని రోజున, అదే వేళకు వెళ్లి చూసి, దానికి ఇంకో అరగంట కలుపుకోండి.

వాళ్ల నాన్నగారికి ఒక మనవి. ‘నటిస్తున్నాడు’ అన్న మాట వినపడితే పిల్లవాడు తర్వాత ఏమీ చెప్పడం మానేస్తాడు. రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, ‘నేను లేకపోతే మీకు బాగుంటుంది’ లాంటి మాట ఒక్కసారి అన్నా సరే, పరీక్షలు అయ్యాక చూద్దామనుకోకండి. ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్, టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. దేశవ్యాప్తంగా దాన్ని నడిపించడంలో మన ఊళ్లోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌దే ప్రధాన పాత్ర.

గణితం వస్తుంది, కానీ చిన్న తప్పులు, చివర్లో సమయం చాలదు. పోయినసారి మొత్తం పది మార్కులకు సరిపడా ప్రశ్నలు ముట్టుకోనే లేదు.
– పదో తరగతి విద్యార్థి, యలహంక

సమయం లెక్క ముందు చూడు. 80 మార్కులు, 180 నిమిషాలు. మార్కుకు రెండు నిమిషాల చొప్పున 160 నిమిషాలు, సరిచూసుకోవడానికి 20 మిగులుతాయి. అంటే మూడు మార్కుల లెక్కకు ఆరు నిమిషాలు. నువ్వు దానికి పన్నెండు తీసుకుంటున్నావో ఏమో, గడియారం పెట్టుకుని చూడు. మూడు నిమిషాలు పెన్ను కదలకపోతే అరపేజీ వదిలి ముందుకు వెళ్లు. చేతికి ముళ్ల గడియారం కట్టుకో, హాల్లో గోడ గడియారం ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకు.

ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే పదిహేను నిమిషాల్లో లెక్కలు మొదలుపెట్టకు. ఛాయిస్ ఉన్నచోట ఏది రాస్తావో నిర్ణయించుకో. ‘వ్యాసం’, ‘వ్యాసార్థం’, సెంటీమీటర్లు, మీటర్లు ఎక్కడున్నాయో కళ్లతో పట్టుకో.

‘చిన్న తప్పు’ అన్న మాట మానెయ్. దానికి పేరు పెట్టు. పాత పేపర్లు తీసి పోయిన ప్రతి మార్కు పక్కన కారణం రాయి: ప్రశ్న తప్పు చదివాను, బ్రాకెట్ ముందు మైనస్‌ను లోపలి రెండో పదానికి వర్తింపజెయ్యలేదు, పై వరస నుంచి అంకె తప్పు దించాను, యూనిట్ మార్చలేదు. చాలామందికి రెండు మూడు రకాలే పదేపదే వస్తాయి. నీవి ఏవో తెలిస్తే చివరి 20 నిమిషాల్లో అవే వెతుకుతావు. పేపరంతా మళ్లీ చదివే తీరిక ఎవరికీ ఉండదు.

ఇంకో మాట. అధ్యాయం వారీగా లెక్కలు చేస్తే ఏ పద్ధతి వాడాలో పైన శీర్షికే చెప్పేస్తుంది. వర్గ సమీకరణాల అభ్యాసంలో ఉన్నవన్నీ వర్గ సమీకరణాలే కదా. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. అన్ని అధ్యాయాల నుంచి అరవై లెక్కల నంబర్లు చీటీల మీద రాసి డబ్బాలో వెయ్యి. రోజూ ఐదు తీసి చెయ్యి. ఎత్తులు, దూరాల లెక్కైతే బొమ్మ గియ్యకుండా ఒక్క అంకె కూడా వెయ్యకు. సూత్రం రాసి, అందులో విలువలు వేసిన వరసను తప్పక చూపించు. జవాబు తప్పినా ఆ మెట్లకు మార్కులు వస్తాయి.

గత ఏడాది ఒంగోలు నుంచి వచ్చాం. ఎనిమిదో తరగతి పాపకు కన్నడ రెండో భాష. అక్షరాలు తెలుగులాగే ఉన్నాయి కదా అనుకుంటే మార్కులు పోతున్నాయి.
– ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

పోలికే చిక్కు తెచ్చింది. రెండు లిపులకూ మూలం ఒకటే, కాబట్టి చదవడం త్వరగా వస్తుంది, చెయ్యి మాత్రం తెలుగే రాసేస్తుంది. తలకట్టు చూడండి: మనది టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, కన్నడది అడ్డగీతలా సాగి చివర వంపు తిరుగుతుంది. క, త, శ మూడూ రెండింటిలో వేరు. తేడా ఉన్న అక్షరాలను మాత్రమే ఏరి, రోజూ పది వరసల డిక్టేషన్ రాయించండి. చూచిరాత వద్దు.

మాటల్లో మూడు సూత్రాలు చాలా దూరం తీసుకెళ్తాయి. మన ‘ప’తో మొదలయ్యే మాటలు కొన్ని అక్కడ ‘హ’ అవుతాయి: పాలు హాలు, పులి హులి, పల్లె హళ్ళి. చివరి సున్న పోతుంది: పుస్తకం పుస్తక. ‘అ’తో ముగిసే మన సంస్కృత పదాలు కొన్ని ‘ఎ’తో ముగుస్తాయి: శాల శాలె, పరీక్ష పరీక్షె, కథ కథె. పాప తప్పుల్లో ఎన్ని ఈ మూడింట్లోకి వస్తాయో లెక్కపెట్టండి.

మోసం చేసే మాటలకు విడిగా ఒక పేజీ పెట్టించండి. కన్నడలో ‘అవసర’ అంటే తొందర, ‘ఊట’ అంటే భోజనం, ‘కాదంబరి’ అంటే నవల. బోర్డుల మీద 60 శాతం కన్నడ ఉండాలన్న నిబంధన పుణ్యమా అని ఊరంతా పాపకు వాచకమే. బస్సులో వెళ్తూ ఇంగ్లిషు వైపు చూడకుండా కన్నడ చదవమనండి, ఇంగ్లిషుతో సరిచూసుకోమనండి.

తెల్లవారుజామున మూడింటికి లేపి చదివించడం మంచిదేనా? మా ఇంట్లో అదే అలవాటు.
– ఒక పాఠకుడు, బనశంకరి

రాత్రి ఏడింటికల్లా పడుకుంటే అభ్యంతరం లేదు. పదకొండింటికి పడుకుని మూడింటికి లేస్తే మాత్రం నష్టమే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, చదివింది స్థిరపడేది ఆ నిద్రలోనే. సాయంత్రం నాలుగు దాటాక ఫిల్టర్ కాఫీ ఇవ్వకండి. కాఫీలోని కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది.

పరీక్ష రాసి వచ్చాక జవాబులు సరిచూడాలా?
– ఒక తల్లి, హెబ్బాళ

చూడకండి, గేటు దగ్గర స్నేహితులతో కూడా చూసుకోనివ్వకండి. తప్పని తెలిసినా దాన్ని మార్చలేరు, మర్నాటి పేపరు మాత్రం పాడవుతుంది. అన్నం పెట్టి, గంట పడుకోనిచ్చి, తర్వాతి సబ్జెక్టు ఎర్ర గీతల కాగితాలు తీయమనండి. ఎస్ఎస్ఎల్‌సీ (పదో తరగతి) పిల్లలకైతే ఇంకో మాట చెప్పవచ్చు: కర్ణాటకలో 2024 నుంచి ఒకే ఏడాదిలో మళ్లీ రాసే విడతలు వచ్చాయి, వాటిలో మెరుగైన మార్కులనే తీసుకుంటారు. ఈ సంగతి ఫలితాల రోజున కాకుండా ఇప్పుడే, మామూలుగా మాట్లాడుకునే వేళ చెప్పండి.