రోడ్డు మరణాలను ఎలా లెక్కిస్తారు? ఆ లెక్క వాటిని తగ్గించడానికి ఎలా ఉపయోగపడుతుంది?

విశాఖలో గాజువాక దగ్గర లారీ ఢీకొని ఆసుపత్రిలో చేరిన వ్యక్తి పన్నెండో రోజున చనిపోతే, అది రోడ్డు మరణాల లెక్కలోకి వస్తుందా అన్నది మీ ప్రశ్న. తప్పకుండా రావాలి. ప్రమాదం జరిగిన 30 రోజుల లోపు ఆ గాయాల వల్ల ప్రాణం పోతే దానిని రోడ్డు మరణంగానే పరిగణించాలన్నది అంతర్జాతీయంగా పాటించే నిర్వచనం. మొదట గాయాల కేసుగా నమోదైన ఎఫ్‌ఐఆర్‌లో పోలీసులు అప్పుడు సెక్షన్‌ను మరణానికి వర్తించేదిగా మారుస్తారు. ఆ మార్పు ప్రమాదాల డేటాబేస్‌లోకి కూడా ఎక్కకపోతే, చనిపోయిన మనిషి లెక్కల్లో క్షతగాత్రుడిగానే మిగిలిపోతాడు.

మద్రాసు ఐఐటీ, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ కలిసి రూపొందించిన ఐరాడ్ (సమీకృత రోడ్డు ప్రమాదాల డేటాబేస్) అనే ఈ డేటాబేస్‌లో, పోలీసు సిబ్బంది ఘటనా స్థలం నుంచే మొబైల్ యాప్ ద్వారా ఫొటోలు, వాహనాల వివరాలు, స్థలం అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు చేస్తారు. వీటిలో అత్యంత విలువైనది స్థలమేనని నా అభిప్రాయం. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలకు దారితీసిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా ఆ భాగాన్ని బ్లాక్‌స్పాట్‌గా గుర్తిస్తారు. ‘కూర్మన్నపాలెం వద్ద’ అని మాత్రమే రాస్తే ఇంజనీరుకు ఏమీ తెలియదు; ఫలానా డివైడర్ సందులోంచి బైకులు ఎదురుగా వస్తున్నాయని తెలిస్తేనే ఆ సందు మూయించగలరు, దీపాలు పెట్టించగలరు.

మరణాలు తగ్గాలంటే రోడ్డును సరిచేయడంతో పాటు హెల్మెట్ తనిఖీ కూడా అవసరమే, అయితే గడ్డం కింద పట్టీ బిగించారో లేదో కూడా చూడాలి, ఎందుకంటే మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ కోరేది అదే.