ఇల్లు దాటని కుక్కపిల్లకు కూడా నులిపురుగుల మందు వేయాలా?

వేయాలి, అదీ పుట్టిన రెండో వారం నుంచే. ఏలికపాములు కుక్కపిల్లకు ఎక్కువగా తల్లి నుంచే వస్తాయి. తల్లి కండరాల్లో అణిగి ఉన్న లార్వాలు (పురుగు పిల్లలు) చూలుతో ఉన్నప్పుడు కదిలి కడుపులోని పిల్లల్లోకి చేరతాయి. కొంకిపురుగులైతే (పేగుకు పట్టుకుని రక్తం పీల్చే హుక్‌వర్మ్‌లు) పాల ద్వారా వస్తాయి.

మామూలు మందు పేగులోని పురుగులనే పోగొడుతుంది. ఒంట్లో తిరిగే లార్వాలు తర్వాత పేగులోకి దిగుతాయి కాబట్టి ఒక్క డోసుతో సరిపోదు. 2, 4, 6, 8 వారాలకు, ఆపై ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి వేయాలి. డోసు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. తల్లికీ వేయించడం మరవకండి.

ఉదాహరణకు, నాలుగు వారాల పిల్ల బక్కచిక్కి పొట్ట మాత్రం ఉబ్బి, వాంతిలో సేమ్యాలాంటి తెల్లటి పురుగులు పడితే అవి ఏలికపాములే.

తీపి పెడితే పురుగులు పుడతాయనుకోవడం పొరపాటు. గుడ్లో లార్వాలో లోపలికి వెళ్తేనే వస్తాయి. మలంలో కనిపించకపోతే లేవనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. గుడ్లు మైక్రోస్కోపులోనే కనిపిస్తాయి. ఏలికపాముల గుడ్లు మట్టిలో రెండు మూడు వారాలకు గానీ అంటుకునే దశకు రావు. అందుకే మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేస్తే, అదే మట్టిలో ఆడుకునే మన పిల్లలకూ రక్షణ.