‘నో రిఫండ్’ అని రాశాం కదా, నలిగిన టోపీలకు డబ్బు ఇవ్వాలా?

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లా. మా అత్తగారూ నేనూ తాటాకుతో వెడల్పు అంచు టోపీలు అల్లి, ఇన్‌స్టాగ్రామ్‌లో రెండేళ్లుగా అమ్ముతున్నాం. హల్దీ ఫంక్షన్ కోసమని పుణె నుంచి ఒకావిడ ఒక్కోటి 850 చొప్పున 6 టోపీలు కొన్నారు. నాలుగు నలిగిపోయి చేరాయి. మొత్తం 5,100 వెనక్కి ఇవ్వమంటున్నారు. పేజీలో ‘నో రిటర్న్, నో రిఫండ్’ అని ముందే రాశాం. ఆవిడ అన్‌బాక్సింగ్ వీడియో కూడా తీయలేదు. కొరియర్ వాళ్లేమో రసీదు ప్రకారం 100 రూపాయలే ఇస్తామంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకు వెళ్తానని ఆవిడ మెసేజ్ పెట్టారు. పుణె దాకా తిరగాల్సి వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోలు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు చూశాను. టోపీలు ఒకదానిలో ఒకటి దూర్చి 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలో పెట్టారు. పైటోపీ బుర్ర లోపల ఏమీ కుక్కలేదు. ‘బరువు పెట్టవద్దు’ అని పెన్నుతో రాసిన కాగితం మీద బ్రౌన్ టేప్ అంటించడంతో ఆ అక్షరాలు కనిపించడమే లేదు. ఎందుకలా చేశారో కూడా అర్థమైంది. చాలా కొరియర్లు తేలికైన సరుకుకు బరువు చూడరు, పెట్టె కొలత చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 40, 40, 25 పెట్టె అయితే 8 కిలోల చార్జీ. ఎత్తు 15కు తగ్గిస్తే 4.8 కిలోలే. మీకు మిగిలింది ఆ 3.2 కిలోల చార్జీ. పోయింది నాలుగు టోపీలు. ఎండిన తాటాకు ఒకసారి మడత పడితే మళ్లీ నిలబడదని నాకంటే మీకే బాగా తెలుసు.

‘కొరియర్‌కు ఇచ్చేశాక మా బాధ్యత తీరిపోదా?’ అని ఫోన్‌లో అడిగారు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 39వ సెక్షన్‌లో అలాంటి మాట ఉన్న సంగతి నిజమే. కొన్నవారు పంపమన్నప్పుడు రవాణాదారుకు అప్పగిస్తే, మామూలుగా కొన్నవారికి అప్పగించినట్టే. అమ్మేవాళ్లంతా అక్కడిదాకా చదివి ఆపేస్తారు. దాని కిందే ఇంకో మాట ఉంది. సరుకు ఎలాంటిదో చూసుకుని రవాణాదారుతో తగిన ఒప్పందం చేసుకోవాలి. అలా చేయకపోతే, దారిలో సరుకు పాడైనప్పుడు అది నాకు అందినట్టు కాదని కొన్నవారు అనవచ్చు. మీరు 5,100 సరుకుకు రసీదులో 500 విలువ రాశారు. అదీగాక ‘ఇండియా అంతటా మీ ఇంటికి భద్రంగా చేరుస్తాం’ అని మీ పేజీ మీదే ఉంది. ఇంక 39వ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుందని నేను చెప్పలేను.

‘నో రిఫండ్’ మాట కూడా ఇక్కడ నిలవదు. మనసు మారిందనో, రంగు నచ్చలేదనో తిప్పి పంపేవారికి అది చెప్పుకోవచ్చు. పాడైన సరుకుకు చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. మీరు పంపిన కాగితాల్లో బిల్లు కనబడలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనలూ రిఫండ్ విషయంలో ఇదే చెబుతాయి. ఇంట్లో వాడని వస్తువు ఎప్పుడో ఒకసారి అమ్ముకునేవారికి అవి వర్తించవు గానీ, రెండేళ్లుగా అమ్ముతున్నవారు ఆ మాట అనలేరు.

అన్‌బాక్సింగ్ వీడియో ఉండాలని ఏ చట్టమూ అనలేదు. అది ఒక సాక్ష్యం, అంతే. ఆవిడ అందిన రోజు సాయంత్రమే పెట్టెతో సహా ఫొటోలు పంపారు. నేను అవతలి వకీలునైతే నాకు అవి చాలు.

పుణె సంగతి. ఆవిడ తాను ఉండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వీడియో కాన్ఫరెన్స్ విచారణకు మీరు దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి ప్రతి వాయిదాకూ రైలెక్కాల్సి రాకపోవచ్చు. కానీ నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి. జవాబుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. ఆ పైన ఒక్క రోజు కూడా ఇవ్వడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

అంతదాకా తెచ్చుకోవద్దనే నా సలహా. నలిగింది నాలుగే, 3,400 ఇస్తే చాలదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఆవిడ కొన్నది ఒక ఫంక్షన్‌కు ఆరింటి సెట్టు. ఫంక్షన్ అయిపోయింది, కొత్తవి పంపినా లాభం లేదు. మీ ఖర్చుతో ఆరూ వెనక్కి తెప్పించుకుని 5,100 యూపీఐలో వేయండి. ‘ఈ ఆర్డర్‌పై ఇక ఏ క్లెయిమూ లేదు’ అని ఆవిడ చేత మెసేజ్ పెట్టించుకోండి. బాగున్న రెండూ మళ్లీ అమ్ముకోవచ్చు.

కొరియర్ దగ్గర మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. సంతకం చేసిన రసీదులో బాధ్యతకు పరిమితి ఉంటే అది చెల్లుతుందని భారతీ నిట్టింగ్ కంపెనీ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ ప్యాకింగ్ ఫొటోలు చూస్తే వాళ్లకు ఇంకో వాదన కూడా దొరుకుతుంది. అయినా హక్కు వదులుకోవద్దు. 2007 రోడ్డు రవాణా చట్టం కింద కొరియర్ ఏజెన్సీలూ వస్తాయి. దాని 16వ సెక్షన్ ప్రకారం, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే తర్వాత దావా వేయడానికి వీల్లేదు. ఫోన్ కాల్, వాట్సాప్‌లను నమ్ముకోకండి.

ఇకమీదట అసలు విలువే రాసి, ఇన్సూరెన్స్ ఉంటే కట్టి, ఆ ఖర్చు టోపీ ధరలో కలపండి. బుర్ర లోపల కాగితం కుక్కి, సీల్ వేసే ముందు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పెట్టె మీద చేసినవారి పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ అడిగేవాటిలో ముఖ్యమైనవి ఇవి. తయారైన నెల, సంవత్సరం తప్ప మిగతావి మీ పేజీలోనూ కనబడాలి.

మీ బుకింగ్ రసీదు మీద తేదీ చూశాను. 180లో ఇప్పటికే 141 రోజులు అయిపోయాయి. కొరియర్‌కు నోటీసు ఈ వారమే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపండి.